గంజిలో పడ్డ గద్దపిల్ల

మా మేడ మీద నిలబడితే ఎదురుగా సెల్ టవర్. దాన్ని కట్టేటప్పుడు అందరితోపాటు నేనూ తిట్టుకున్నదాన్నే. పొద్దున్నే సూర్యుడికి దండం పెట్టుకుందామంటే, ఆయనకూ నాకూ మధ్య ఆ ఇనుప నిచ్చెన అడ్డం. ఈ ఎండాకాలంలో మాత్రం దానితో నాకు రాజీ కుదిరింది. దాని నడిమి భాగంలో గద్దలు గూడు పెట్టాయి.

పిల్ల పెద్దదైంది. గూడు విడిచి పక్కనున్న కమ్మీ మీదికి వచ్చి కూర్చుంటోంది. రెక్కలు చాపుతుంది. గాలి వాటిని పట్టి లాగగానే భయపడి మూసేస్తుంది. కాసేపాగి మళ్ళీ చాపుతుంది. కాళ్ళతో కమ్మీని గట్టిగా పట్టుకునే, ఎక్కడికో ఎగిరిపోతున్నట్టు రెక్కలు కొట్టుకుంటుంది. తల్లి ఏ మాంసం ముక్కో తెచ్చి, పిల్ల నోటికి అందించకుండా అవతలి కమ్మీ మీద వాలుతుంది. ముక్కను కాలి కింద అదిమిపెట్టి, పిల్లకు కనిపించేలా కూర్చుంటుంది. పిల్ల ఆకలికి అరిచి గోల చేస్తుంది. తల్లి మాత్రం అది ఎవరి పిల్లో అన్నట్టు ముఖం తిప్పుకుంటుంది.

మొన్న పక్కింటి కోడలు బట్టలు ఆరేయడానికి వచ్చి నన్ను చూసి నవ్వింది. "ఏంది పెద్దమ్మా, రోజూ టవర్ దిక్కే చూస్తున్నవ్! సిగ్నల్ వస్తలేదా?"

"నాకు మంచిగనే వస్తుంది. దానికే ఇంకా రాలే" అని పిల్లను చూపించాను.

ఆ అమ్మాయి కళ్ళ మీద చేయి అడ్డం పెట్టుకుని చూసింది. చూసి దిగులు పడింది. "అయ్యో, పడితే ఎట్ల పెద్దమ్మా? కిందంతా కరెంటు తీగలే గదా."

పడితే ఏమవుతుందో ఆ అమ్మాయికి తెలియదు కానీ నాకు తెలుసు. నా చిన్నతనంలో ఒకటి పడింది. పడిపడి మా ఇంటి పడుగు మీదే పడింది.

అప్పుడు ఈ టవర్ ఉన్నచోట చింతచెట్టు ఉండేది. ఈ మేడ ఉన్నచోట మా పెంకుటిల్లు ఉండేది. సిద్దిపేటలో సాలోళ్ళ వాడ అంటే అప్పుడు చెవులతో గుర్తుపట్టే జాగ. ఇంటింటా మగ్గం ఆడుతుండేది. మగ్గం మోత వినే, ఏ ఇంట్లో మొగుడూ పెళ్ళాం పోట్లాడుకున్నారో మేం చెప్పేవాళ్ళం. కోపంగా ఉన్నవాడి దెబ్బ వేరుగా పడుతుంది. ఏ గుమ్మం దాటినా నానిన నూలు వాసన, ఉడికిన గంజి వాసన. మా నాయినమ్మ గంజిలో చుక్క నూనె వేసి కలుపుతుంటే, అడుగున మిగిలిన చిక్కటి గంజిలో ఉప్పు వేసుకుని గిన్నె నాకేదాన్ని. "పడుగుకు పెట్టేది పోరి కడుపుకు పెడుతున్న" అని ఆమె గొణిగేది. గొణుగుతూనే నా కోసం అడుగున ఇంకాస్త ఎక్కువ వదిలేది.

పడుగంటే చీరకు పొడుగునా వచ్చే పోగులు. మగ్గం ఎక్కించే ముందు వాటికి గంజి పట్టించాలి. అంత పొడుగు జాగ ఏ ఇంట్లో ఉంటుంది? అందుకని తెల్లవారుతుండగానే వీధిలో ఈ చివర ఒక గుంజ, ఆ చివర ఒక గుంజ పాతి, మధ్యలో నిలబెట్టిన కట్టెల మీద నడుమెత్తున పడుగును సాగదీసేవాళ్ళు. ఇక వీధి ఆ ఇంటివాళ్ళది. చిన్నకోడూరు నుంచి వచ్చే ఎడ్లబండ్లు కూడా మారుమాట్లాడకుండా చుట్టు తిరిగి పోయేవి. పడుగు ఎవరిదైనా సరే, ఇంటికొక మనిషి తన కుంచె తెచ్చుకుని వచ్చేవాడు. గంజి పూసిన పడుగును అది ఆరేదాకా కుంచెలతో దువ్వుతూనే ఉండాలి. నడుమ చెయ్యి ఆగిందా, పోగుకు పోగు అంటుకుని పడుగంతా చాపైపోతుంది. ఆ తర్వాత దాన్ని బతికించడం ఎవరివల్లా కాదు. దువ్వినందుకు కూలీ అడిగే ఆచారం మా వాడలో లేదు. పడుగు ఇంటివాళ్ళు వేడివేడి సర్వపిండి పెట్టేవాళ్ళు, అంతే. నువ్వులు, శనగపప్పు, ఉల్లికాడలు వేసి మా అమ్మ చేసిన సర్వపిండి కోసం, పిలవనివాళ్ళు కూడా కుంచె పట్టుకుని వచ్చేవాళ్ళని మా నాయినమ్మ అనుమానం.

గద్దలు ఆ చింతచెట్టు మీద ఉండేవి. నాయినమ్మకు వాటితో పాత పగ. కోహెడ నుంచి వచ్చిన వేటమాంసాన్ని ఆమె ఉప్పు, పసుపు రాసి దండెం మీద ఒరుగులు ఎండబెడితే, ఈ గద్ద వచ్చి మంచి ముక్క చూసి ఎత్తుకుపోయేది. మెడ తెల్లగా ఉన్న గద్ద కనబడితే గరుడుడని లెంపలు వేసుకునే మనిషి, ఈ నల్లదాన్ని చూస్తే మాత్రం రాయి వెతుక్కునేది. నా పక్షం గద్దది. తెగిన నూలు ముక్కలు, ఎర్రవీ పచ్చవీ, పోగుచేసి పెంకుల మీద పెట్టేదాన్ని. అది వచ్చి వాటిని గోళ్ళతో గూటికి పట్టుకుపోయేది. కింద నుంచి చూస్తే గూడు అంచున రంగురంగుల పోగులు వేలాడేవి. వాడ మొత్తంలో నేను నూలు ఇచ్చిన ఇల్లు అదొక్కటే కాబట్టి, నాకది మా చుట్టాలిల్లే.

ఆ ఎండాకాలం మా ఇంట్లో ఒక దిగులు ఉండేది. దాని పేరు భీవండి, బొంబాయి దగ్గరి ఊరు. మా వాడలో మీసాలొచ్చిన ప్రతి పిల్లవాడూ అక్కడి మరమగ్గాల మీద పనికి పోతున్నాడు. పోయినవాళ్ళు పండగకు వచ్చి, నాలుగు రోజులుండి, మళ్ళీ బస్సెక్కేవాళ్ళు. ఇక మా కాక వంతు వచ్చింది. కాక అంటే చిన్నాన్న, మా బాపుకు ఒక్కడే తమ్ముడు. నన్ను భుజాల మీద ఎక్కించుకుని కోమటిచెరువు దాకా తీసుకుపోయినవాడు. నూలు చుట్టే కండెలు ఖాళీ అయితే వాటికి దారం కట్టి నాకు బండి చేసిచ్చినవాడు. మనిషి బంగారమే కానీ చెయ్యి దుడుకని పేరు. మగ్గం మీద కూర్చుంటే పోగులు తెంపుతాడని బాపు ఆయనకు కండెలు చుట్టే పని తప్ప ఇంకేదీ చెప్పేవాడు కాదు.

ఒకనాడు అన్నాల దగ్గర బాపు తేల్చి చెప్పాడు. "చిన్నోడా, గీ పడుగు మొదలుకెల్లి నువ్వే చెయ్యి. నేను వేలు పెట్ట. మంచిగైతే రెండో మగ్గం నీది. ఖరాబైతే సోమారం పోయేటోళ్లతోటి భీవండి పో."

కాక అన్నం కలపడం ఆపి, "సరే అన్నా" అన్నాడు.

నేను మాత్రం ఆ రోజు నుంచి కనిపించిన దేవుడికల్లా మొక్కాను. చింతచెట్టు మీది గద్దకు కూడా మొక్కాను, నూలు తీసుకుంది కదా అని.

పడుగు పరిచిన రోజు కాక కోడి కూయకముందే లేచి తలస్నానం చేశాడు. గంజి ఆయనే కలిపాడు. గుంజలు ఆయనే పాతాడు. నాయినమ్మ పడుగు చివర పసుపు కుంకుమ పెట్టింది. వాడలో మగవాళ్ళు కుంచెలతో వచ్చి రెండు పక్కలా నిలబడ్డారు. బాపు మా అరుగు మీద చేతులు కట్టుకుని కూర్చున్నాడు. గంజి పూశారు. కుంచెలు కదిలాయి. ఎండ తగిలి తడి పోగులు మెరుస్తున్నాయి. కాక ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తూ, తెగిన పోగు కనబడితే వేళ్ళ మధ్య పురిపెట్టి కలుపుతున్నాడు. ఆయన చేతిలో దుడుకు నాకెక్కడా కనబడలేదు.

నన్ను నీళ్ళ చెంబుతో నిలబెట్టారు కానీ, నా కళ్ళు చింతకొమ్మ మీదే ఉన్నాయి. గద్దపిల్ల కొమ్మ చివరికి వచ్చి కూర్చుంది. తల్లి ఎదురింటి పెంకుల మీద ఏదో ముక్కతో కూర్చుని పిలుస్తోంది. పిల్ల రెక్కలు చాపింది. మూసింది. మళ్ళీ చాపింది. అప్పుడే చెరువు వైపు నుంచి గాలి విసిరింది. అది ఎగిరిందో, గాలే దాన్ని తోసిందో నేను చెప్పలేను. గాల్లో గింగిరాలు కొట్టి, తల్లి దాకా పోలేక, సరిగ్గా మా పడుగు నడుమ దబ్బున పడింది.

పడి ఊరికే ఉంటే బాగుండేది. దొరికిన పోగులన్నిటినీ గోళ్ళతో పట్టుకుంది. రెక్కలు కొట్టుకుంటే గంజి అంటింది. ఎంత కొట్టుకుంటే అంత చుట్టుకుంది.

తర్వాత జరిగింది యుద్ధమే. తల్లీ తండ్రీ రెండూ పైనుంచి రాళ్ళలా దిగాయి. మొదటి దెబ్బకు ఒకాయన తలగుడ్డ పోయింది. రెండో దెబ్బకు ఇంకొకాయన నెత్తి మీద గీత పడింది. మరుక్షణం వీధిలో ఒక్క మనిషి లేడు. అందరూ కుంచెలు వదిలి అరుగుల మీదికి ఎక్కారు. ఎండ మాత్రం ఎక్కడికీ పోలేదు. గంజి ఆరడం మొదలైంది.

"పట్టి గుంజున్రి దాన్ని! పడుగు పోతుంది!" అని నాయినమ్మ అరిచింది.

ఇంకెవరో "కట్టెతోని ఒక్కటి ఇయ్యి" అన్నారు.

కాక బాపు వైపు చూశాడు. బాపు కదల్లేదు. వేలు పెట్టనన్నాడు కదా, పెట్టలేదు. కాక అరుగు మీదున్న పత్తి గంప తీసి నెత్తిన బోర్లించుకుని పడుగు దగ్గరికి పోయాడు. గద్దలు గంప మీద టప్ టప్‌మని కొడుతున్నాయి. ఆయన వంగి పిల్ల కాళ్ళు చూసి, నా వైపు తిరిగి, "బిడ్డా, కత్తి తే!" అని కేకేశాడు.

వీధంతా ఒక్కసారి గతుక్కుమంది. సాగిన పడుగు దగ్గరికి కత్తి తేవడం మా ఇళ్ళల్లో లేదు. దీపం ఆర్పినంత అరిష్టం. నాయినమ్మ గుండెలు బాదుకుంది. "పడుగు కాడికి కత్తా? ఇల్లు ముంచుతవారా! గుంజిపారెయ్!"

"గుంజితె రెక్క ఇరుగుతది అవ్వా. పోగులైతె మల్ల అతుకుత. రెక్క నేనేడ అతుకాలె?"

ఆ మాట కాక గట్టిగా కూడా అనలేదు. మామూలుగా అన్నాడు. తన మగ్గం, తన ఊరు ఆ పోగుల మీదే వేలాడుతున్నాయని తెలిసి అన్నాడు.

నేను చాట నెత్తిన పెట్టుకుని, ఉల్లిగడ్డలు కోసే కత్తి పట్టుకుని ఉరికాను. నాయినమ్మ నా జడ పట్టుకోబోయింది, అందలేదు. కాక గోళ్ళకు చుట్టుకున్న పోగుల్ని ఒక్కొక్కటే వేరుచేసి, వాటిని మాత్రమే కోశాడు. పిల్ల ఆయన బొటనవేలిని కండ ఊడేలా పొడిచింది. రక్తం పడుగు మీద పడకుండా వేలు నోట్లో పెట్టుకుని, రెండో చేత్తో పని కానిచ్చాడు. చివరికి దాన్ని తువ్వాలలో చుట్టి నా చేతుల్లో పెట్టాడు. "ఉరుకు!"

అంత గోల చేసిన పక్షికి బరువే లేదు. తువ్వాల లోపల దాని గుండె కొట్టుకోవడం నా పొట్టకు తెలుస్తోంది. నేను ఇంటి వెనక్కి ఉరికితే గద్దలు కొంతదూరం నా వెంట వచ్చి, మళ్ళీ కోపం తీరక వీధిలోకే పోయాయి.

పిల్లను తువ్వాలలోనే పెరట్లో పెట్టి నేను తిరిగొచ్చి చూసేసరికి కాక ఒక్కడే, గంప నెత్తిన పెట్టుకుని, అంత పొడుగు పడుగును ఒక కుంచెతో దువ్వుతున్నాడు. అది అయ్యే పని కాదని చిన్నపిల్లనైన నాకే తెలుస్తోంది. అప్పుడు మా అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచింది. సర్వపిండి గిన్నె దించి, ఖాళీ బోగాణి నెత్తిన పెట్టుకుని, కొంగు బిగించి, కింద పడున్న కుంచె ఒకటి తీసుకుంది. మా వాడలో ఆడవాళ్ళు వీధిలో కుంచె పట్టగా నేను చూడటం అదే మొదలు.

"ఏందమ్మా, ఆడోళ్లు దువ్వుడా?" అన్నాడు తలగుడ్డ పోయినాయన అరుగు మీద నుంచే.

"నీ నెత్తికి బోగాణి నేనిస్త. నువ్వే రా మామా" అంది అమ్మ.

నవ్వులు లేచాయి. ఆ తర్వాత ఎవరూ ఆగలేదు. గంపలు, చాటలు, జల్లెడలు, ఇత్తడి బిందెలు, చేతికి ఏది దొరికితే అది నెత్తిన పెట్టుకుని వాడంతా వీధిలోకి దిగింది. ఆ పూట బయటివాళ్ళెవరైనా మా వీధిలోకి వచ్చుంటే పిచ్చాసుపత్రి అనుకుని వెనక్కి తిరిగేవాళ్ళు. పైనుంచి గద్దలు కొడుతుంటే బిందెలు మోగుతున్నాయి. బిందె మోగినప్పుడల్లా జనం కేక వేస్తున్నారు. కుంచెలు మాత్రం ఆగలేదు. పడుగు పోగుకు పోగు విడివిడిగా ఆరింది, నడుమ ఆ కోసిన చోటు తప్ప.

ఇంటి వెనుక ఇంకో పని జరిగింది. గంజి ఎండితే పిల్ల రెక్క కట్టెలా బిగుసుకుపోతుంది. గోరువెచ్చని నీళ్ళు పట్టుకుని వచ్చిందెవరనుకున్నారు? నాయినమ్మే. ఈక ఈకనూ బొటనవేలితో రాస్తూ, "దొంగముండ పిల్ల, దొంగముండ పిల్ల" అని తిడుతూ, పొద్దెక్కేదాకా కడిగింది. కడిగాక పెంకుల మీద కూర్చోబెట్టించి, లోపలికి పోయి, తన ఒరుగుల డబ్బా తెచ్చి నీళ్ళలో రెండు ముక్కలు నానేసింది. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే, "ఏం జూస్తున్నవే? దాని తల్లి రోజూ గుంజుకపోతనే ఉంది గదా. ఇయ్యాల నేనే ఇస్తున్న" అంది.

తర్వాత రోజులన్నీ కాక మగ్గం గుంటలోనే గడిపాడు. పడుగును మగ్గమెక్కించి, కోసిన ఒక్కొక్క పోగుకూ కొత్త ముక్క చేర్చి, వేళ్ళకు బూడిద రాసుకుని పురిపెట్టి కలిపాడు. బొటనవేలికి కట్టున్న మనిషికి అది ఎంత నరకమో నేసినవాళ్ళకే తెలుస్తుంది. బాపు ఆ దిక్కే రాలేదు. సోమవారం మాత్రం దగ్గరికి వచ్చేస్తోంది. వీధి చివర మూలింట్లో, భీవండి ప్రయాణమయ్యే పిల్లలకు అటుకులు, కారప్పూస కడుతున్న వాసన మా ఇంటిదాకా వస్తుంటే నాకు ఏడుపొచ్చేది.

నేను లోపలికీ బయటికీ తిరుగుతుండేదాన్ని. బయట పిల్ల పెంకుల మీద నుంచి గోడ మీదికి దూకేది, గోడ మీద నుంచి కట్టెలమోపు మీదికి దూకేది. తల్లి చింతకొమ్మ మీద ముక్క పట్టుకుని కూర్చునేది, దగ్గరికి మాత్రం వచ్చేది కాదు. చీకటి పడబోతుంటే ఇక లాభం లేదని తెచ్చి పెట్టేది. ఎడమ రెక్క మొదట సగమే విచ్చుకునేది. రోజురోజుకూ మరికాస్త విచ్చుకుంది.

ఆదివారం పొద్దున అది ఎగిరింది. ఇంటికప్పు కొస నుంచి ముందు కిందికి జారింది. ఎదురింటి గోడకు గుద్దుకుంటుందని నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి వీధి మధ్యలో రెక్కలు బలంగా కొట్టుకుంటూ పైకి లేస్తోంది. పెంకులు దాటింది, చింతచెట్టు కూడా దాటింది. నిన్న మా టవర్ మీది పిల్ల కూడా అచ్చం ఇలాగే చేసింది. ముందు జారింది, తర్వాత లేచింది. పక్కింటి కోడలూ నేనూ మేడ మీద చప్పట్లు కొట్టాం.

ఆ రోజు చప్పట్లు కొట్టడం నాకు తోచలేదు. "కాకా, ఎగిరింది!" అని అరుస్తూ లోపలికి ఉరికాను. కాక పెదవుల మధ్య నూలుపోగుతో అలాగే బయటికి వచ్చి, తలెత్తి నిలబడ్డాడు. అది కోమటిచెరువు వైపు పోయి చుట్టు తిరిగి వచ్చేదాకా చూశాం. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. ఎండకు అన్నాడు.

మేం లోపలికి వచ్చేసరికి మగ్గం ముందు బాపు కూర్చుని ఉన్నాడు. కళ్ళు మూసుకుని, అరచేతిని పడుగు మీద ఈ అంచు నుంచి ఆ అంచుకు మెల్లగా జరుపుతున్నాడు. ఆ చివర దాకా పోయి, చెయ్యి ఎత్తకుండా మళ్ళీ వెనక్కి వచ్చాడు.

"ఏడరా కోసింది?"

కాక దగ్గరికి పోయి వేలితో చూపించాడు. బాపు కళ్ళు తెరిచి, వంగి, ముఖం ఆనించి చూశాడు. మళ్ళీ కళ్ళు మూసుకుని అక్కడే వేళ్ళతో తడిమాడు.

"నా చేతికి దొరుకుతలేదు" అన్నాడు.

బాపు నోట అంతకంటే పెద్ద మెచ్చుకోలు నేను ఎన్నడూ వినలేదు. లేచి, నా నెత్తి మీద చెయ్యి పెట్టి, తమ్ముడి ముఖం చూడకుండానే చెప్పాడు. "బిడ్డా, మూలింట్లకు పోయి చెప్పిరా. రేపు పోయేటోళ్లల్ల మనోడు లేడని."

కాక నోట్లో పోగు జారి కింద పడింది. నాయినమ్మ గుమ్మంలోనే కూలబడి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. నేను చెప్పుల్లేకుండా వీధిలో పడ్డాను. మూలింట్లోనే చెప్పమన్నాడు కానీ, ఆ ఇల్లు చేరేలోపు దారిలో ఉన్న ప్రతి గుమ్మం ముందూ ఆగి చెప్పాను. మగ్గాలు ఒక్కొక్కటే ఆగాయి. ఆడవాళ్ళు బయటికి వచ్చారు. ఎవరో నా నోట్లో బెల్లం ముక్క పెడితే, అది నములుతూనే అరిచాను.

మగ్గాలు పోయిన కథ మా వాడలో ఎవరినడిగినా చెప్తారు. నేనది చెప్పను. వెళ్ళిపోయినవాళ్ళ వార్తలు, ఆగిపోయిన మోతల వార్తలు ఆ తర్వాత చాలా విన్నాను, కొన్ని నేనే మోశాను. కానీ ఆ ఆదివారం మా వాడలో ఒక మనిషి ఆగాడు. ఆగి, ఆ మగ్గం మీద తల నెరిసేదాకా నేశాడు. ఆ కబురు చెప్పడానికి బాపు వేరెవరినీ పంపకుండా నన్నే పంపాడు. ఇంత బతుకులో అంత మంచి పని నాకు ఇంకెవరూ చెప్పలేదు.